మెడూసా మీదికి డాలు లేకుండా పంపుతారా?

నమస్కారం! ప్రాచీన గ్రీసులో సాగే వీడియోగేమ్ అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో ఆటగాడికి డాలు లేదన్న గొడవ 2018 నుంచీ నడుస్తూనే ఉంది. స్పార్టా బిడ్డ చేతిలో డాలు ఏదని అందరూ అడిగారు, సరే. నేను అడిగేది ఒక్కటే. చూపుతోనే మనుషుల్ని రాళ్లుగా మార్చే రాక్షసి మెడూసా దగ్గరికి వెళ్లినప్పుడు డాలు ఏది?

ఆటలో లెస్బోస్ దీవికి వెళ్లండి. మనుషులు ఉన్నచోటే రాళ్లైపోయి ఉంటారు. లోపల ఆమె చూపు వెలుగులా దూసుకొస్తుంది. అప్పుడు ఆటలో మన వీరురాలు కసాండ్రా ఏం చేస్తుంది? స్తంభం చాటుకు పరుగెత్తి దాక్కుంటుంది! ఒళ్లు మండదా? గ్రీకు పురాణంలో మెడూసాను చంపిన వీరుడు పెర్సియస్ ఏం చేశాడు? అద్దంలా మెరిసే డాలులో ఆమె ప్రతిబింబం చూస్తూ తల నరికాడు. ఆ తలను దేవత ఎథీనా తన డాలుకు తగిలించుకుంది. గ్రీకు సైనికులు అదే ముఖాన్ని తమ డాళ్ల మీద వేయించుకున్నారు. ఒలింపియా మ్యూజియంలో అలాంటి కంచు ముఖం ఒకటి ఉంది, చుట్టూ మూడు రెక్కలు గిర్రున తిరుగుతున్నట్టే ఉంటాయి. డాలు తీసేస్తే మెడూసా కథలో ఇంకేం మిగిలింది? గాండీవం లాక్కుని అర్జునుణ్ణి కురుక్షేత్రానికి పంపడం కాదా ఇది?

ఎందుకు తీసేశారో నా అనుమానం చెబుతాను. గ్రీకు సైనికుడి డాలు సగం తనకు, సగం ఎడమపక్క వాడికి. ప్రతివాడూ కుడిపక్క వాడి డాలు చాటుకు జరగడం వల్ల సేన మొత్తం కుడివైపు ఒరిగిపోతుందని ఈ ఆటలో చూపించే ఏథెన్స్, స్పార్టాల యుద్ధాన్ని కళ్లారా చూసిన చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. ఈ ఆటలో వీరుడికి పక్కవాడే లేడు! అందుకే ఎడమ చేతిలో స్పార్టా రాజు లియోనిడాస్ విరిగిన ఈటె పెట్టి, డాలుకు చోటు లేకుండా చేశారు. శత్రువు డాలును మనం లాగేసుకోవచ్చు, ఉంచుకోవడానికి మాత్రం వీల్లేదు. అయితే పెర్సియస్ పక్కన మాత్రం సేన ఉందా? ఒంటరిగానే వెళ్లాడు, డాలుతోనే వెళ్లాడు.

ఏథెన్స్‌లో అగోరా మ్యూజియం ఉంది. క్రీ.పూ. 425లో పైలోస్ దగ్గర స్పార్టన్ల నుంచి గెలుచుకున్న డాలు అక్కడ ఉంది. కంచు రేకు నొక్కుకుపోయింది, అక్కడక్కడా చిరిగింది. దాని మీద చుక్క చుక్కగా పొడిచిన అక్షరాలు: ఏథెన్స్ వారు, లాసిడెమోనియన్ల నుంచి, పైలోస్‌లో. లాసిడెమోనియన్లంటే స్పార్టన్లే. అదే యుద్ధం, అదే పైలోస్! ఆటలో మనమూ అక్కడ పోరాడతాం, ఒట్టి ఎడమ చేతి ఈటెతో.

2020లో ఇదే వరుసలో తర్వాతి ఆట వల్హల్లా వచ్చేసరికి రెండు చేతులకూ రెండు డాళ్లు పట్టుకోనిచ్చారు. అంటే చేయగలరు! ఈ ఆటలు తయారుచేసే యూబీసాఫ్ట్ వారూ, లెస్బోస్‌లో ఆ ఒక్క పోరు కోసమైనా మెరుగుపెట్టిన కంచు డాలు ఒకటి ఇవ్వండి. వెలుగు దాని మీద పడి వెనక్కి తిరగాలి, మెడూసా తన చూపుకు తనే రాయి కావాలి.