ఇరవై ఒకటో పుట్టినరోజు సంగతి పిల్లలకు ఎప్పుడు చెబుతాం?

సభకు నమస్కారం. మన తెలుగు బడి వార్షికోత్సవంలో, పిల్లలకు ఇంట్లో తెలుగు నేర్పడం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. చక్కగా పద్యాలు చెప్పిన పిల్లలకూ, సెలవురోజు మానుకుని పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయులకూ నా అభినందనలు. అయితే ఈ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు ఏ భాషలోనూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నాకిచ్చిన సమయాన్ని దానికే వాడుకుంటాను, మన్నించండి.

ఈ డాలస్‌లో మనలో చాలామందిమి హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్లమే. చంకనెత్తుకుని తెచ్చుకున్న పిల్లలు, మన వీసాకు అనుబంధంగా కుటుంబానికిచ్చే హెచ్-4 మీద ఉంటారు. వాళ్లకు 21 ఏళ్లు నిండగానే ఆ హోదా ముగుస్తుంది. అప్పటికి శాశ్వత నివాసానికిచ్చే గ్రీన్ కార్డు వరుసలో మన వంతు రాకపోతే, విద్యార్థి వీసాకో మరో వీసాకో మారాలి, లేదా పెరిగిన దేశం విడిచి వెళ్లాలి. ఉద్యోగాల మీద ఏటా ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా సాధారణంగా 7 శాతానికి మించి దక్కవు; మన వరుస అంత నెమ్మదిగా కదిలేది అందుకే. 2012లో వచ్చిన డాకా అనే తాత్కాలిక రక్షణ పథకం, చట్టబద్ధమైన హోదా లేని పిల్లల కోసం పెట్టింది కాబట్టి, సక్రమంగా వచ్చిన మన పిల్లలకు అదీ వర్తించదు.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. గుంటూరులో పుట్టి, మాటలు సరిగా రాకముందే ఇక్కడికి వచ్చింది. తమ్ముడు ఇక్కడే పుట్టాడు, అమెరికా పౌరుడు. తోటి పిల్లలు వేసవిలో ఐస్‌క్రీమ్ కొట్లో పనికి వెళుతుంటే తానూ వెళతానంది. చదువు పాడవుతుందని తండ్రి వద్దన్నాడు. అసలు కారణం, హెచ్-4 పిల్లలకు పనిచేసే అనుమతి లేకపోవడం. 2015లో వచ్చిన వెసులుబాటు హెచ్-1బీ వారి భార్యాభర్తల్లో కొందరికే పరిమితం. నాన్నకు తన మీద నమ్మకం లేదనుకుని ఆ పిల్ల లోలోపలే కుమిలిపోయింది. పన్నెండో తరగతిలో కాలేజీ ఆర్థిక సహాయం దరఖాస్తు నింపుతూ, పౌరసత్వం అడిగిన గడి దగ్గర ఆగి, "అమ్మా, ఇక్కడ ఏమని రాయాలి?" అని అడిగింది. ఫెడరల్ సహాయానికి తనకు అర్హత లేదని ఆ రాత్రే తెలిసింది. తరువాత నాతో, "మీ పెద్దవాళ్లందరికీ తెలుసు కదా ఆంటీ, నాకొక్కదానికే ఎందుకు చెప్పలేదు?" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను.

పసిమనసు నొచ్చుకుంటుందని దాస్తున్నామంటారు. ఆ ప్రేమను నేను శంకించను. కానీ పిల్లల దగ్గర దాచే ఇంట్లో పెద్దలు కూడా ఆ విషయం ఎత్తరు, లెక్క చూడరు. 2002 నాటి చట్టం ప్రకారం, గ్రీన్ కార్డు కోసం పిల్లలకు 21 నిండాయా అని లెక్కించేటప్పుడు, యజమాని మన తరఫున వేసే ఐ-140 అర్జీ పరిశీలనలో గడిచిన రోజులను వాళ్ల వయసులోంచి తీసివేస్తారు. త్వరగా తేల్చడానికి అదనంగా తీసుకునే ప్రీమియం రుసుము కట్టి రెండు మూడు వారాల్లో ఆమోదం తెచ్చుకుంటే, తీసివేయడానికి ఆ కొద్ది రోజులే మిగులుతాయి. రుసుము కట్టేముందు ఈ మాట న్యాయవాదిని అడిగినవారు మనలో ఎందరు?

తొమ్మిదో తరగతికి వచ్చిన పిల్లలున్న తల్లిదండ్రులారా, మిమ్మల్ని వేడుకుంటున్నాను, ఈ వారమే చెప్పండి. వరుసలో మీ స్థానాన్ని తేల్చే ప్రయారిటీ తేదీ చూపించి, వరుస ఎంతవరకు కదిలిందో నెలనెలా చెప్పే ప్రభుత్వ వీసా బులెటిన్ వాళ్ల చేతే చదివించండి. హెచ్-4 విద్యార్థులకు, రాష్ట్రవాసులకిచ్చే తక్కువ ఫీజు వర్తించే కాలేజీలు ఏవో కలిసి వెతకండి. భోజనాలయ్యాక నేను పక్క గదిలోనే ఉంటాను. అర్జీ వేసిన తేదీ, ఆమోదం వచ్చిన తేదీ మీ ఫోన్లో ఉంటే వయసు లెక్క అక్కడే కట్టి చూద్దాం. పిల్లలనూ వెంటబెట్టుకు రండి.