బొమ్మ వైపు తోమకండి

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ఆదివారం పూట ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చిన మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చాలా మంచి మాటలు చెప్పారు, కృతజ్ఞుణ్ణి. నాకిచ్చింది అరగంట. అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

నాకిచ్చిన అంశం ముఖచిత్రాలున్న పాత నాణేలు, అలంకార వస్తువుల సేకరణ. ముందు నాణేలు, తర్వాత పతకాలూ, గవ్వ మీదో రాయి మీదో ముఖాన్ని ఉబ్బెత్తుగా చెక్కే కేమియోలూ, చివర్లో వాటిని భద్రం చేసుకునే పద్ధతి, ఇలా మూడు భాగాలుగా రాసుకొచ్చాను. కాగితాలు ఇవిగో. కానీ లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక అబ్బాయి నన్ను ఆపి, జేబులోంచి వెండి నాణెం తీసి చూపించాడు. "పాతదే సార్, కానీ కొత్తదానిలా మెరిపించాను" అన్నాడు. అతని ముఖంలో ఆ సంతోషం చూసి నాకు నోట మాట రాలేదు. బాబూ, ఎక్కడ కూర్చున్నావో గానీ, నీ మీద నాకు కోపం లేదు. అప్పుడు చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతాను. ఈ కాగితాలు కాసేపు పక్కన పెడతాను.

నా దగ్గర పశ్చిమ క్షత్రపుల, అంటే ఒకప్పుడు పశ్చిమ భారతాన్ని ఏలిన శక రాజుల, వెండి నాణెం ఒకటుంది. బొటనవేలి గోరంత ఉంటుంది, బరువు రెండు గ్రాములు. ఒక పక్క కుడివైపు చూస్తున్న రాజు తల, పెద్ద కన్ను, మీసం, మెడ మీదికి దిగిన జుట్టు. రెండో పక్క మూడు వంపుల కొండ, దాని కింద నదిలా మెలికల గీత, పైన చంద్రుడు, సూర్యుడు. చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు. మహాక్షత్రపుడు రుద్రసింహుడి కొడుకు, మహాక్షత్రపుడు రుద్రసేనుడిది ఈ నాణెం అని వాటి అర్థం. చూశారా, బొటనవేలి గోరంత వెండి ముక్క మీద కొడుకు పేరు, తండ్రి పేరు, ఇద్దరి బిరుదులు! ఆ వంశంలో ఎవరి తర్వాత ఎవరు రాజయ్యారో మనకు తెలిసిందంటే, చాలావరకు ఇలాంటి చిన్న నాణేల పుణ్యమే.

ఇంకో అద్భుతం ఉంది. రాజు తల వెనకాల, జుట్టుకీ అంచుకీ మధ్య, శకసంవత్సరం అంకెల్లో వేసేవాళ్లు. మనలా స్థానాన్ని బట్టి విలువ మారే అంకెలు కావవి. వందకు ఒక గుర్తు, ముప్పైకి ఇంకో గుర్తు, ఒకట్లకు వేరే గుర్తు. నా నాణెం మీద వంద స్పష్టంగా ఉండేది. ముప్పై కూడా ఉండేది. మూడో గుర్తు మాత్రం నల్లటి పొర కింద సగం దాక్కుని ఉండేది. శకసంవత్సరానికి 78 కలపాలి కాబట్టి క్రీస్తుశకం 209కీ 217కీ మధ్యలో అచ్చయిందని తెలుస్తోంది. కానీ సరిగ్గా ఏ ఏడు? భూతద్దం పెట్టి, దీపాన్ని అటూ ఇటూ జరిపి ఎన్ని రాత్రులు చూశానో! ఒక కోణంలో రెండు గీతల్లా కనపడేది, ఇంకో కోణంలో మూడు గీతల్లా.

ఆ ఒక్క అంకె కోసం తొందరపడి, ఇలాంటివి శుభ్రం చేయడంలో చెయ్యి తిరిగినవాడినని చెప్పుకునే ఒకాయనకు ఇచ్చాను. రెండు రోజుల్లో తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. అద్దంలా మెరుస్తోంది. తిప్పి చూశాను. మూడో గుర్తు లేదు. ముప్పై కూడా సగం పోయింది. జుట్టులో పాయలు పోయాయి, మీసం పోయింది. కన్ను ఉన్నచోట ఒక గుంట మిగిలింది. రుద్రసేనుడి ముఖం పదిహేడు వందల ఏళ్లకు పైగా మట్టిని తట్టుకుంది, చేతుల రాపిడిని తట్టుకుంది. రెండు రోజుల యాసిడ్‌ని మాత్రం తట్టుకోలేకపోయింది. ఆయన ఎంతో సంబరంగా నా ముఖంలోకి చూస్తున్నాడు. నేనేం మాట్లాడను?

అప్పటినుంచి ఎక్కడ మైకు దొరికినా ఈ ఒక్క మాట చెప్పకుండా దిగను. వెండి మీది నలుపు మురికి కాదండీ. గాలిలోని గంధకంతో కలిసి ఆ వెండే అలా మారింది. ఆ పొరను తీసేస్తే వెండినే తీసేసినట్టు. ముక్కు గీత, పెదవి వంపు, అంకె తోక ఇవన్నీ వెంట్రుకవాసి ఎత్తులో ఉంటాయి. పులుపు పెట్టి తోమినా, బ్రష్షుతో రుద్దినా, పాలిష్ గుడ్డతో తుడిచినా ముందు పోయేది ముఖమే, ఎందుకంటే నాణెంలో అందరికన్నా ఎత్తున నిలబడేది ముఖమే. చెంప, చెవి పైభాగం, కనుబొమ మీది జుట్టు, ఈ మూడు చోట్ల చూస్తే నాణెం ఎంత అరిగిందో తెలిసిపోతుంది.

అసలు నాణెం మీదికి మనిషి ముఖం ఎలా వచ్చిందో రెండు మాటలు చెప్పి మళ్లీ ఇక్కడికే వస్తాను. మొదటి నాణేలు ఇప్పటి టర్కీలో ఉన్న లిడియా రాజ్యంలో పుట్టినప్పుడు వాటి మీద సింహం తల ఉండేది. తర్వాత దేవతలొచ్చారు. అలెగ్జాండర్ అంతటివాడి వెండి నాణేల మీద కూడా సింహం తోలు కప్పుకున్న హెరాక్లీస్ ఉంటాడు. ఆయన పోయాక సేనానులు టాలెమీ, లైసిమాకస్ ఆయన ముఖాన్ని వేశారు. చనిపోయిన వీరుడి ముఖంతో మొదలుపెట్టి, టాలెమీ కొన్నేళ్లకే తన ముఖం కూడా వేయించుకున్నాడు. రోములో బతికున్న మనిషి ముఖం నాణెం మీదికి రావడం క్రీస్తుపూర్వం 44లో, జూలియస్ సీజర్‌తో మొదలు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆయన్ని చంపేశారు. చంపినవాళ్లలో ముఖ్యుడు బ్రూటస్. రెండేళ్లు తిరక్కుండా ఆ బ్రూటస్ కూడా తన ముఖంతో నాణెం వేయించాడు. దాని బొరుసు వైపు రెండు బాకులు, మధ్యలో స్వేచ్ఛకు గుర్తయిన టోపీ, కింద మార్చి 15ను చెప్పే అక్షరాలు. రాజులా ప్రవర్తిస్తున్నాడని ఒకణ్ణి పొడిచిన చేత్తోనే తన ముఖం అచ్చువేయించుకున్నాడు. మనం బొమ్మా బొరుసా అని ఆడుకుంటాం గానీ, ఆ ఒక్క నాణెం బొమ్మనీ బొరుసునీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మళ్లీ మన విషయానికొద్దాం. ముఖం చెక్కుచెదరని నాణెమే గొప్పదని సేకర్తల్లో చాలామంది అనుకుంటారు. గాటు పడితే పనికిరాదంటారు, ఇంకో ముద్ర పడితే పాడైందంటారు. ఇది పెద్ద పొరపాటని నా గట్టి నమ్మకం. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో ఒక నిక్షేపం బయటపడింది. 13 వేలకు పైగా వెండి నాణేలు. అన్నీ క్షత్రపుల్లోనే క్షహరాత అనే వంశపు రాజు నహపానుడివి, ఆయన ముఖమున్నవి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద మన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఒక పక్క మూడు వంపుల కొండ, రెండో పక్క అడ్డగీతల కొసల్లో నాలుగు వలయాలుండే ఉజ్జయిని గుర్తు. కరిగించి కొత్తవి పోయించలేదు. ఆ రాజు ముఖం మీదే కొట్టించాడు. భూతద్దంలో చూస్తే కొండ కింద నుంచి నహపానుడి ముక్కు, గడ్డం ఇంకా తొంగి చూస్తుంటాయి. నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం తన కొడుకును క్షహరాత వంశాన్ని నిరవశేషం చేసినవాడని పొగుడుతుంది. శాసనం తల్లి నోటి మాట. నాణెం సమ్మెట దెబ్బ. రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి. ఎవరైనా ఒకాయన నహపానుడి ముఖం బాగా కనపడాలని ఆ పైముద్రను రుద్దేస్తే? లేదా పైముద్ర తేటగా కనపడాలని ముఖాన్ని అరగదీస్తే? ఏది చేసినా యుద్ధంలో సగమే మిగులుతుంది.

ముఖాల గురించి అంటున్నాను కాబట్టి ఇది కూడా వినండి. శాతవాహనులు ఎక్కువగా సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహపు నాణేలు వేశారు, వాటి మీద ఏనుగు, సింహం, ఓడ. వెండిలో మాత్రం క్షత్రపుల ఒరవడిలో రాజు ముఖం వేయించారు. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి లాంటివాళ్ల ముఖాలు మనం చూడగలుగుతున్నది ఆ చిన్న వెండి నాణేల వల్లే. వాటికి ఒక పక్క ప్రాకృతం, మరో పక్క ద్రావిడ భాష. అవి తక్కువ దొరుకుతాయి. దొరికినదాన్ని ఎవరైనా తోమేశారని విన్నప్పుడల్లా ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినట్టుంటుంది నాకు.

1898లో పుదుక్కోట్టైలో 501 రోమన్ బంగారు కాసులు దొరికాయి. వాటిలో చాలావాటికి చక్రవర్తి తల మీద అడ్డంగా ఉలి గాటు ఉంది. మళ్లీ డబ్బుగా చెలామణి కాకుండా ఉండటానికని కొందరంటారు, ఇంకొందరు వేరే కారణాలు చెబుతారు. గాటు లేకపోతే ఆ ప్రశ్నే లేదు. రోము చక్రవర్తి కారకల్లా తన తమ్ముడు గెటాను చంపించి, ఎక్కడా అతని ముఖం కనపడకూడదన్నాడు. ఆసియా మైనర్ నగరాల కంచు నాణేల మీద అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా ఉండేవారు. కొన్నింటి మీద గెటా ఉన్న సగాన్ని ఉలితో చెక్కేశారు. ఇప్పుడా నాణెంలో అన్న ముఖం ఖాళీ వైపు చూస్తూ ఉంటుంది. బ్రిటిష్ మ్యూజియంలో 1903 నాటి ఒక పెన్నీ ఉంది. దాని మీదున్న బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్ ముఖం మీద ఒక్కో అక్షరం సుత్తితో కొట్టి ఓట్స్ ఫర్ విమెన్ అని రాశారు. ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్ల పని. నాణేన్ని పాడుచేయడం నేరమైన రోజుల్లో చేశారు. చేతులు మారుతూ పోయే పెన్నీని ఎవరు ఆపగలరు? దాన్ని పాడైన నాణెం అని పక్కన పడేయగలమా, మీరే చెప్పండి.

టైం చూస్తే అలంకార వస్తువులకు ఎక్కువ మిగల్లేదు. కాగితంలోది అంతా చెప్పను, ముఖ్యమైనవి చెబుతాను. ముఖచిత్రంతో పతకం పోసే పద్ధతి ఇటలీలో పిసానెల్లో అనే చిత్రకారుడితో ఊపందుకుంది. 1438–39లో బైజాంటియం చక్రవర్తి ఎనిమిదో జాన్ పతకం ఆయన చేసిందే. కొత్తగా సేకరించేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. నాణెం అచ్చు కొట్టినది, పతకం ఆ రోజుల్లో పోత పోసినది. పాత నాణేనికి అంచు చుట్టూ అతుకు గీత, ముఖం మీద సన్నటి గాలిబుడగల గుంటలు ఉంటే అది నకిలీ పోత అని అనుమానించాలి. పిసానెల్లో కాలపు పతకానికి పోత తప్పు కాదు, దాని స్వభావమే అది. అసలు పతకాన్ని అచ్చుగా పెట్టి మళ్లీ పోస్తే మాత్రం లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి కొత్తది కాస్త చిన్నదవుతుంది. అందుకే కొలత ముఖ్యం.

గవ్వ కేమియోను వెలుగుకు ఎదురుగా పట్టుకోండి. చెక్కినదైతే వెనక నుంచి ముఖం నీడలా తెలుస్తుంది. భూతద్దంలో ఉలి గీతలు పదునుగా కనిపిస్తాయి. ప్లాస్టిక్ అచ్చుదైతే అంచులన్నీ మెత్తగా గుండ్రంగా ఉంటాయి. జర్మన్ దేశాల్లో 17, 18 శతాబ్దాల్లో వెండి పానపాత్రల గోడల్లోకి నాణేలు పొదిగేవారు. అలాంటిది దొరికితే నాణేల కోసం పాత్రను విప్పదీయకండి. దయచేసి విప్పదీయకండి. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికిన నాణెం దొరికితే ఆ కొక్కేన్నీ ఊడబీకకండి. ఎవరో ఒకరు ఆ ముఖాన్ని గుండెకు ఆనించుకుని తిరిగారు, ఆ కొక్కెం దానికి సాక్ష్యం.

ఇక భద్రం చేయడం. అంచులు మాత్రమే పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. చేతి చెమటే చాలు మచ్చ పడటానికి. పీవీసీ కవర్లు వాడకండి, అవి కొన్నాళ్లకు జిగురు వదిలి లోహాన్ని తినేస్తాయి. రాగి, కంచు నాణెం మీద గట్టిగా నున్నగా ఉన్న ఆకుపచ్చ కిలుము ఉంటే ముట్టుకోకండి, అది కవచం. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ కనిపిస్తే మాత్రం జబ్బు. దాన్ని పక్క నాణేల నుంచి వేరుచేసి, తేమ లేని చోట పెట్టి, లోహ సంరక్షణ చదువుకున్నవాళ్లకు చూపించండి. మట్టిలోంచి వచ్చిన నాణేనికి మట్టి వదలాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి ఓపిక పట్టండి. రోజులు పట్టనివ్వండి. ఏ ఊళ్లో, ఏ నేలలో, దేని పక్కన దొరికిందో తెలిస్తే ఆ పూటే కాగితం మీద రాసి దానితో పాటు పెట్టండి. నిక్షేపమైతే చట్టప్రకారం ప్రభుత్వానికి తెలపండి, పంచుకోకండి. జోగల్‌తెంబి నాణేలు ముందే నలుగురి చేతుల్లోకి చెదిరిపోయి ఉంటే, 9 వేల దెబ్బల సంగతి ఈ రోజు మనకెవరు చెప్పేవారు?

ఇప్పుడు మొదటి వరుస నుంచి రెండు డబ్బీలు పంపిస్తున్నాను. ఎర్ర డబ్బీలో ఉన్నది నేనిందాక చెప్పిన రుద్రసేనుడు. నల్ల డబ్బీలో అదే రాజుది ఇంకొకటి, నేను ఎవరికీ ఇవ్వనిది, నలుపు నలుపుగానే ఉంది. మూత తీయకండి, పైన గాజు ఉంది. భూతద్దం కూడా వెంట వస్తుంది. ముందు మెరిసేది చూడండి, తర్వాత నల్లది చూడండి. నల్లదాంట్లో చెవి వెనక్కి వెళ్లండి, జుట్టు ఆగిపోయే చోట మూడు గుర్తులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. బాబూ, గుమ్మం దగ్గర కలిసిన అబ్బాయీ, నీదాకా వచ్చాక కాసేపు నీ దగ్గరే ఉంచుకో, తొందరేం లేదు. ఈలోగా మిగతావాళ్లు ప్రశ్నలు అడగండి.