కోమో సరస్సు రివ్యూ: బెల్లాజో ఫొటోలకి, వరెన్నా ఉండటానికి

నమస్తే అండీ! వెనకాల ఆ చప్పుడు వినపడుతోందా? మైకు బాగానే ఉంది, అవి అలలు. ఇది వరెన్నా. ఇటలీ ఉత్తరాన కోమో సరస్సు తూర్పు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. నేనూ మా అమ్మా మూడు రాత్రులు ఇక్కడే ఉన్నాం. ఇప్పుడు సామాను సర్దుకుని రేవులో లాంచీ కోసం కూర్చున్నాం. అది వచ్చేలోపు రివ్యూ చెప్పేస్తాను.

ముందు మార్కులు. పొద్దున మిలాన్ నుంచి వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లకి పదికి ఆరు. రెండు రాత్రులైనా ఉండేవాళ్లకి పదికి తొమ్మిది. సరస్సు ఒకటే కదా, మార్కుల్లో ఇంత తేడా ఏంటంటారా? పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా ఈ ఊళ్లు టూరిస్టులవి. ఆ తర్వాతే మనవి.

సరస్సు ఆకారం తెలిస్తే మిగతాదంతా ఈజీ. తీగ మీద ఆరేసిన ప్యాంటులా ఉంటుంది. ఎడమ కాలి చివర కోమో ఊరు, కుడి కాలి చివర లెక్కో. రెండు కాళ్లు కలిసే చోట బెల్లాజో. దానికి కుడి పక్క ఒడ్డున మనం, ఎడమ పక్క ఒడ్డున మెనాజ్జో. హిమానీనదాలు కొండల్ని తొలుచుకుంటూ పోతే ఏర్పడిన గొయ్యి ఇది. విస్తీర్ణం 146 చదరపు కిలోమీటర్లు, లోతు 400 మీటర్లు దాటుతుంది. అందుకే ఒడ్డు నుంచి నాలుగు గజాలు పోగానే నీళ్లు నల్లగా కనిపిస్తాయి.

ఎలా రావాలి? చాలామంది అలవాటుగా కోమో ఊరికి వెళ్తారు. మీరు మిలాన్ చెంత్రాలే స్టేషన్‌లో తిరానో వైపు వెళ్లే రైలెక్కండి. గంటా పది నిమిషాల్లోపే వరెన్నాలో దిగుతారు. ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. లెక్కో దాటాక సొరంగం, సరస్సు, మళ్లీ సొరంగం. ఫోన్ తీసేలోపు చీకటైపోతుంది, వీడియో తీద్దామని నేను పడ్డ పాట్లన్నీ వృథా. ఇంకో మాట: కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు స్టేషన్‌లో ఉండే చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించుకోండి. మర్చిపోతే ఫైన్ పడొచ్చు.

ఇక్కడ నేను చేసిన తప్పు, చక్రాల సూట్‌కేస్ తేవడం. వరెన్నా వీధులంటే సగం మెట్లే, అవీ గుండ్రాళ్లు పరిచినవి. రెండో రోజుకే ఒక చక్రం ఊడింది. "బ్యాగు భుజాన వేసుకో అంటే విన్నావా?" అని అమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

ఇక గాలి సంగతి. పొద్దున ఉత్తరం నుంచి వచ్చే గాలికి తివానో అని పేరు. రాత్రంతా చల్లబడిన గాలి కొండల మీంచి కిందికి జారుతుంది. ఎండెక్కి కొండలు వేడెక్కాక వరస తిరగబడి దక్షిణం నుంచి గాలి మొదలవుతుంది, దాని పేరు బ్రేవా. మాకు ఆరున్నరకి నున్నగా ఉన్న సరస్సు మధ్యాహ్నానికి గళ్ల లుంగీలా అయిపోయేది. ఇందాక విన్న చప్పుడు ఆ బ్రేవాదే. మీకు ఫొటోల పిచ్చి ఉంటే అలారం పెట్టుకోండి.

బెల్లాజో లాంచీలో పావుగంట. అందమైన ఊరే, కాదనను. కానీ ఆ ఫేమస్ సెర్బెల్లోనీ మెట్ల దగ్గర ఒక్కో ఫొటోకి క్యూ! మేం అది వదిలేసి పది నిమిషాలు నడిచి ఊరి కొనకి వెళ్లాం. దాన్ని పుంటా స్పార్తివెంతో అంటారు, అంటే గాలిని చీల్చే కొన. సరస్సు రెండు కాళ్లుగా విడిపోయే చోటు అదే. బెంచీ ఖాళీగా ఉంది, జనం పెద్దగా లేరు. బెల్లాజోలో నాకు నచ్చింది అదొక్కటే.

తగ్గించిన ఆ ఒక్క మార్కు కూడా అక్కడే పోయింది. సాయంత్రం నాలుగింటికి తిరిగొద్దామంటే రేవులో పెద్ద క్యూ. టికెట్ చేతిలో ఉన్నా లాభం లేదు, లాంచీ నిండగానే తాడు అడ్డం కట్టేశారు. తర్వాతదీ అంతే. కార్లు ఎక్కించే పెద్ద ఫెర్రీ ఒకటి ఉంటుంది, నడిచి వచ్చేవాళ్లని కూడా ఎక్కించుకుంటుంది. చివరికి దాంట్లోనే వచ్చాం. ఈ సంగతి ముందే తెలిస్తే గంటన్నర మిగిలేది.

సరస్సు ఒడ్డున ఉన్న పాత బంగళాల్లో ఒకటే చూడాలంటే, లెన్నో అనే ఊరి దగ్గర బాల్బియానెల్లో చూడండి. అక్కడ సినిమా షూటింగులు జరిగాయని అందరూ వెళ్తారు గానీ నాకు నచ్చింది ఆఖరి యజమాని కథ. గ్విడో మొంజీనో అని ఆయన 1971లో కుక్కలు లాగే బండ్ల మీద ఉత్తర ధ్రువానికి వెళ్లొచ్చాడు. 1973లో ఎవరెస్ట్‌కి వెళ్లిన ఇటలీ బృందానికి నాయకుడు. 1988లో చనిపోతూ ఇల్లంతా ఒక వారసత్వ సంస్థకి రాసిచ్చేశాడు. ఆ యాత్రల సామాను ఇంట్లో ఇంకా ఉంది. బయట ఎండలో పూలతోట, లోపల మంచు మీద తిరిగిన బండి! వారంలో కొన్ని రోజులు మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

మన వరెన్నాలోనూ ఒకటుంది, విల్లా మొనాస్తెరో. ఒకప్పుడు సన్యాసినుల మఠం. 1954 వేసవిలో ఫిజిక్స్ శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ అక్కడ ఫిజిక్స్ పాఠాలు చెప్పారు, అదే ఏడాది నవంబర్‌లో చనిపోయారు. ఇప్పుడక్కడ జరిగే ఫిజిక్స్ స్కూల్‌కి ఆయన పేరే. సరస్సు పక్కనే తోట. కిటికీ దగ్గర సీటు దొరికితే పాఠం ఎవరు వింటారో నాకైతే అర్థం కాలేదు.

తిండి. ఈ సరస్సు స్పెషల్ మిస్సొల్తీనీ. ఇక్కడ దొరికే చిన్న చేపకి ఉప్పు పట్టించి, తాళ్లకి గుచ్చి ఎండలో వేలాడదీస్తారు. ఎండాక డబ్బాలో బిర్యానీ ఆకులాంటి ఆకులతో వరసలు పేర్చి, పైనుంచి బరువు పెట్టి నొక్కుతారు. నూనె బయటికి వచ్చేస్తుంది. తినేముందు కాల్చి, వెనిగర్ చల్లి, పొలెంతాతో ఇస్తారు. పొలెంతా అంటే మొక్కజొన్న సంకటి అనుకోండి. మా అమ్మ బందరులో పెరిగిన మనిషి. ప్లేటు టేబుల్ మీదకి రాకముందే వాసన పట్టేసింది: "ఎండు చేపలు కాల్చుకుని సంకటి తినడానికి ఇంత దూరం తీసుకొచ్చావా?" అంది. తర్వాత నా ప్లేటులోవి కూడా తినేసింది. శాకాహారులకి ఆ పొలెంతానే జున్ను వేసి ఇస్తారు, టెన్షన్ లేదు. బిల్లులో కొపెర్తో అని ఒక లైను ఉంటుంది, కూర్చున్నందుకు మనిషికింత. మోసం కాదు, ఇక్కడ అంతే.

ఇంకో గంట ఉంటే ఫియుమెలాత్తే దాకా నడవండి. పేరుకి అర్థం పాల ఏరు. పాలలా తెల్లగా నురగలు కక్కుతూ దూకుతుంది. మొత్తం నది పొడవు సుమారు 250 మీటర్లు! వసంతంలో మొదలై శరదృతువులో ఆగిపోతుంది. చలికాలం వస్తే రాళ్లే. లియొనార్డో డా విన్చీ కూడా దీని గురించి రాసుకున్నాడు.

ఇక్కణ్నుంచి మేం లాంచీలో మెనాజ్జోకి దాటి, అక్కణ్నుంచి బస్సులో స్విట్జర్లాండ్ వైపు లుగానోకి వెళ్తున్నాం. ఆ వీడియో విడిగా... అదిగో, వచ్చేసింది లాంచీ. అమ్మా, ఆ సూట్‌కేస్ ముట్టుకోకు, నేను మోస్తా! ఉంటానండీ.