గిట్‌హబ్ నుంచి కమాండ్ లైన్ టూల్: రిప్‌గ్రెప్‌ని సరిగ్గా ఇన్‌స్టాల్ చేద్దాం

అందరికీ నమస్కారం. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ పెట్టే ఆప్ట్ కమాండ్‌తో వచ్చే టూల్స్ చాలాసార్లు పాత వెర్షన్లే ఉంటాయి. కొత్తది కావాలంటే గిట్‌హబ్‌లో ఆ ప్రాజెక్టు రిలీజెస్ పేజీకి వెళ్లాలి, కంపైల్ చేసిన బైనరీ, అంటే నేరుగా నడిపే ప్రోగ్రామ్ ఫైలు, అక్కడే దొరుకుతుంది. ఈరోజు ఫైళ్లలో మాటల్ని వేగంగా వెతికే రిప్‌గ్రెప్ అనే టూల్ 14.1.1 వెర్షన్‌ని పెట్టుకుందాం. దాని కమాండ్ పేరు ఆర్‌జీ.

ఎక్కువమంది తప్పు చేసేది ఫైలు ఎంచుకోవడంలోనే. ముందు టెర్మినల్‌లో యునేమ్, స్పేస్, హైఫన్ ఎమ్ కొట్టండి. ఎక్స్86 అండర్‌స్కోర్ 64 అని వస్తే మీది ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ. ఏఆర్చ్64 అని వస్తే ఆర్మ్. ఒకదానిది ఇంకోదానిలో పెడితే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తుంది. కొన్ని ప్రాజెక్టులు జీఎన్‌యూ, మజిల్ అని రెండు రకాలు ఇస్తాయి. జీఎన్‌యూ రకం మీ సిస్టమ్‌లోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ మీద ఆధారపడుతుంది. సర్వర్ పాతదైతే ‘జీలిబ్‌సీ వెర్షన్ నాట్ ఫౌండ్’ అంటుంది. మజిల్‌తో స్టాటిక్‌గా, అంటే కావాల్సిన లైబ్రరీని లోపలే కలిపి కట్టినదానికి ఆ బాధ లేదు, రెండూ ఉంటే అదే తీసుకోండి.

డౌన్‌లోడ్‌కి కర్ల్ కమాండ్ వాడదాం. హైఫన్ తర్వాత చిన్న ఎఫ్, పెద్ద ఎల్, పెద్ద ఓ, ఆ తర్వాత లింకు. పెద్ద ఎల్ మర్చిపోవద్దు. గిట్‌హబ్ ఇంకో అడ్రస్‌కి మళ్లిస్తుంది, ఎల్ లేకపోతే కర్ల్ అక్కడే ఆగిపోతుంది, మీకు ఖాళీ ఫైలు మిగులుతుంది. ఇక చిన్న ఎఫ్ లేకుండా లింకులో ఒక్క అక్షరం తప్పినా, ‘నాట్ ఫౌండ్’ అనే మాటే ఫైలుగా సేవ్ అవుతుంది. అప్పుడు ఆ ఫైలుని విప్పే టార్ కమాండ్, ఇది జీజిప్ ఫార్మాట్ కాదని మొరాయిస్తుంది.

పక్కనే అదే పేరుతో ఎస్‌హెచ్‌ఏ256 ఫైలుంది, డౌన్‌లోడ్‌ని సరిచూసే కోడ్ అందులో ఉంటుంది, దాన్నీ దించండి. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉంచి, ఎస్‌హెచ్‌ఏ256సమ్, హైఫన్ సీ, ఆ ఎస్‌హెచ్‌ఏ256 ఫైలు పేరు కొట్టండి. ఓకే అని రావాలి. అయితే ఇది డౌన్‌లోడ్ పాడవలేదని మాత్రమే చెబుతుంది. రిపోజిటరీలోకే ఎవరైనా చొరబడి ఉంటే, రెండు ఫైళ్లనూ మార్చేయగలరు. అందుకే అసలు ప్రాజెక్టు పేజీ నుంచి తప్ప, ఫోర్క్‌ల నుంచి, అంటే వేరేవాళ్లు చేసుకున్న కాపీల నుంచి బైనరీలు తీసుకోకండి.

ఇప్పుడు ఎక్కడ పెట్టాలి? యూఎస్‌ఆర్ బిన్‌లో వద్దు, అది ఆప్ట్ చేతిలో ఉన్న చోటు. హోమ్‌లో డాట్ లోకల్ కింద ఓపీటీ అనే ఫోల్డర్ చేసి, అందులో టార్ ఫైలుని విప్పండి. ఫోల్డర్ పేరులో వెర్షన్ ఎలాగూ ఉంటుంది. తర్వాత డాట్ లోకల్ కింద బిన్ ఫోల్డర్ లేకపోతే చేసి, ఎల్ఎన్, హైఫన్ ఎస్ఎఫ్‌తో ఆర్‌జీ బైనరీకి అక్కడ లింకు పెట్టండి. కొత్త వెర్షన్ వస్తే దాని పక్కనే విప్పి లింకు మార్చడమే. నచ్చకపోతే పాతదానికి మళ్లీ తిప్పేయొచ్చు, పది సెకన్ల పని.

‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటే కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా అయిన పాత్‌లో ఆ బిన్ లేదు. ఉబుంటులో ఆ ఫోల్డర్‌ని లాగిన్ అయినప్పుడే చూస్తుంది కాబట్టి, కొత్తగా చేసినవాళ్లు ఒకసారి లాగౌట్ అయి రండి. ‘పర్మిషన్ డినైడ్’ అయితే సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్. ఆప్ట్‌తో పెట్టిన పాత ఆర్‌జీయే ఇంకా నడుస్తుంటే, టెర్మినల్‌లో కమాండ్లు నడిపే బాష్ ఆ చిరునామా గుర్తుపెట్టుకుంది. హ్యాష్, హైఫన్ ఆర్ కొట్టి, ఆర్‌జీ, హైఫన్ హైఫన్ వెర్షన్ చూడండి. 14.1.1 కనిపించాలి.