కొండలో దాచుకున్న మలుపు

అందరికీ నమస్కారం. మోడల్ రైళ్లు అనగానే ముందు అడిగేది ధరే కాబట్టి అక్కడే మొదలుపెడతాను. సౌండు, డిజిటల్ కంట్రోలు ఉన్న, హెచ్‌ఓ అనే సైజు ఇంజను ఒక్కటి అమెరికాలోనే మామూలుగా 200 డాలర్లు దాటుతుంది. మన విశాఖ చేరేసరికి పార్సిల్ చార్జీలు, కస్టమ్స్ సుంకం అదనం. అంత పోసినా అది అసలు రైలులా కనబడుతుందన్న గ్యారంటీ లేదు.

హెచ్‌ఓ అంటే అసలు కొలతలో 87వ వంతు. ఆ లెక్కన ఎక్స్‌ప్రెస్ రైళ్లకుండే పొడవాటి ఎల్‌హెచ్‌బీ బోగీ 27 సెంటీమీటర్లు. 22 బోగీలకు ఇంజను తగిలిస్తే ఆరు మీటర్లు దాటిపోయింది. ఎంవీపీ కాలనీ ఫ్లాట్లో అంత హాలు ఎవరికుంటుంది చెప్పండి!

మలుపు ఇంకా చిక్కు. మన బ్రాడ్‌గేజ్‌లో మలుపు వ్యాసార్థం 175 మీటర్లకు తగ్గకూడదు. 87తో భాగిస్తే రెండు మీటర్లు. అంటే రైలు వెనక్కి తిరగడానికే నాలుగు మీటర్ల వెడల్పు కావాలి. సెట్టుతో వచ్చే పట్టాల మలుపేమో అర మీటరు కూడా ఉండదు. దాని మీద పొడవాటి బోగీ నడుము లోపలికి, కొసలు బయటికి పొడుచుకొస్తాయి. ఇంజను ఎంత ఖరీదైనదైనా అక్కడ బొమ్మైపోతుంది.

గేజ్ కూడా సరిపోదు. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్‌గేజ్‌కి 19 పైన కావాలి. పక్కనుంచి చూస్తే తెలియదు గనక నేను పట్టించుకోను. పట్టాలు సొంతంగా వేసుకునే మహానుభావులున్నారు, వాళ్లకో దండం.

మనకు కేకే లైన్ ఉంది కదా! కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. ఎక్స్‌ప్రెస్ ఆశ వదిలేసి ఆ ఘాట్‌లో చిన్న ముక్క కట్టుకోండి. రెండు కొసల్లో బండి వెనక్కి తిరిగే ఆ ఇరుకు మలుపులు రెండూ బొమ్మ కొండ లోపలికి పంపేస్తే బయట కనబడేది తిన్నని లైనే. కొండ వెనకవైపు మాత్రం మూసేయకండి. బండి లోపల పట్టా తప్పితే చెయ్యి దూరాలి.

ఆ లైన్లో బైలదిల్లా ఇనుప ఖనిజం మన పోర్టుకొస్తుంది. దాన్ని మోసే పైకప్పు లేని బాక్స్‌ఎన్ వ్యాగన్ ఈ స్కేల్లో 12 సెంటీమీటర్లే, ఇరుకు మలుపులోనూ ఇబ్బంది పడదు. కొత్త వ్యాగన్ల మెరుపు చూస్తే నాకు చిరాకు. ఎర్ర చాక్‌పీసు పొడి బ్రష్‌తో అద్ది పైన మెరుపు లేని మ్యాట్ వార్నిష్ కొట్టండి, ఖర్చు దాదాపు సున్నా. పొడి గేర్లలోకి పోనివ్వకండి.

పైసా ఖర్చు లేనిది వేగం. గంటకు 40 కిలోమీటర్ల గూడ్సు ఈ స్కేల్లో మీటరు దూరం పోవడానికి ఎనిమిది సెకన్లు తీసుకోవాలి. మనవాళ్లు రెండు సెకన్లలో దాటించేస్తారు! నిదానంగా, కుదుపు లేకుండా నడవాలంటే మోటారు బాగుండాలి. అందుకే డబ్బు పెడితే మోటారు మీద పెట్టండి, సౌండు మీద కాదు.

పట్టాలు నికెల్ సిల్వర్ అనే మిశ్రలోహానివే కొనండి. మన ఉప్పుగాలికి స్టీలు పట్టాలు తుప్పు పడతాయి. అప్పుడప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి, చక్రాలను కూడా.