ఎనిమిది ఫ్యాక్టోరియల్ మైనస్‌లో ఎందుకొచ్చింది?

అందరికీ నమస్కారం. సీఎస్‌ఈ మొదటి సంవత్సరంలో చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్లను చదివిస్తున్న తల్లిదండ్రులకు శుభాకాంక్షలు. ఇలాంటి సభల్లో ప్లేస్‌మెంట్లు, ప్యాకేజీల గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నేను మాత్రం బీటెక్‌లో నాకు బాగా ఉపయోగపడిన ఒక ప్రశ్న గురించి చెబుతాను. ఆ ప్రశ్న సీ ల్యాబ్‌లో పుట్టింది.

ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం మీరూ రాస్తారు. ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నింటినీ గుణించడమే ఫ్యాక్టోరియల్. మాకు అప్పట్లో సీ ప్రోగ్రాంలు నడపడానికి టర్బో సీ అనే పాత కంపైలర్, నీలం తెర. 5 ఇస్తే 120 వచ్చేది, 7 ఇస్తే 5040. రికార్డులో ఆ రెండు అవుట్‌పుట్లు రాసి సంతకం పెట్టించుకుంటే ఆ వారం పని అయిపోయేది. 8 ఇచ్చి చూస్తే మైనస్ 25216 వచ్చింది. రావాల్సింది 40320. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ప్లస్ సంఖ్యలనే గుణించుకుంటూ పోతే మైనస్ ఎలా వచ్చింది?

పూర్ణాంకాన్ని దాచుకునే చోటును సీలో ఇంట్ అంటారు. టర్బో సీలో ఇంట్‌కి 16 బిట్లే, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే 16 గదులే. అందులో సగం రుణ సంఖ్యలకు పోతే మిగిలే అతి పెద్ద సంఖ్య 32767. పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక మళ్లీ సున్నాలకు తిరిగినట్టు, ఆ హద్దు దాటిన సంఖ్య చుట్టు తిరిగి రుణ సంఖ్యల వైపు పడుతుంది. 40320లోంచి 65536 తీసేయండి, సరిగ్గా మైనస్ 25216. ఇప్పుడు మీ ల్యాబ్‌లో జీసీసీ కంపైలర్ ఉంటే ఇంట్‌కి 32 బిట్లు. 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగ్గానే వస్తుంది. 13 దగ్గర 1932053504 అని చూపిస్తుంది. ఇది ఇంకా ప్రమాదం. మైనస్ గుర్తు లేదు కాబట్టి చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు. అసలు జవాబు 600 కోట్లకు పైనే.

ఈ లెక్క నాకు సీ క్లాసులో దొరకలేదు. తర్వాత కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో టూస్ కాంప్లిమెంట్, అంటే రుణ సంఖ్యలను బిట్లలో రాసే పద్ధతి, చెప్పినప్పుడు దొరికింది. ఆ సబ్జెక్టు పేరు చెబితేనే మా క్లాసులో సగం మందికి టెన్షన్. హాస్టల్లో కాగితం మీద సున్నాలు, ఒకట్లు రాసుకుంటూ, అచ్చ తెలుగులో వాదించుకుంటే గానీ అది మాకు ఎక్కలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి. పరీక్ష ఇంగ్లీషులో రాయాలి, నిజమే. అర్థం చేసుకోవడానికి మాత్రం మీ ఇంటి భాషను నిస్సంకోచంగా వాడుకోండి.

తర్వాత ఆల్గోరిథమ్స్‌లో బైనరీ సెర్చ్ వచ్చింది. వరుసగా పేర్చిన జాబితాను ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ వెతకడం అది. మధ్య స్థానం కోసం మొదలును, చివరను కూడి రెండుతో భాగిస్తాం. ఆ కూడిక కూడా 32 బిట్ల ఇంట్ హద్దు దాటిపోవచ్చు. జావా లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయిందని, ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో రాశారు. చివరలోంచి మొదలును తీసేసి, రెండుతో భాగించి, మొదలుకు కలిపితే సరిపోతుంది. ఒక్క లైను మార్పు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో ఇదే సంగతి మళ్లీ ఎదురైంది, ఈసారి రాకెట్‌లో. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్ 5 మొదటి ప్రయోగం. పాత ఏరియన్ 4 కోడ్‌ను అందులోనూ వాడారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. ఆ వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల విలువను 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోతే పట్టలేదు. దారి చూపే వ్యవస్థ ఆగిపోయింది. బయల్దేరిన సుమారు 40 సెకన్లకే రాకెట్ ముక్కలైంది. ఆ పాఠం చదువుతుంటే నాకు మా ల్యాబే కనిపించింది. అక్కడా హద్దు అదే, 32767.

సిలబస్ వీటిని నాలుగు పేపర్లుగా విడగొట్టి, నాలుగు సెమిస్టర్లలో పెడుతుంది. మిడ్ అయ్యాక ఒకటి మరిచిపోయి ఇంకొకటి పట్టుకుంటాం. కలిపి చూసే పని మాత్రం ఏ పేపర్లోనూ లేదు. అది మీరే చేసుకోవాలి. నాకు ఈ చదువు మీద ఇష్టం కలిగింది అక్కడే.

పైథాన్‌లో ఈ గొడవ లేదు కదా అని ఎవరైనా అడగొచ్చు. పైథాన్ పూర్ణాంకం అవసరమైనంత మెమరీ తీసుకుని పెరుగుతుంది, అందుకు వేగం కొంత వదులుకుంటుంది. ఏఐ, ఎంఎల్ బ్రాంచి వాళ్లు రేపు నంపై అనే పైథాన్ లెక్కల లైబ్రరీ వాడతారు. అక్కడ మళ్లీ బిట్ల లెక్కే. 64 బిట్లున్నా 20 ఫ్యాక్టోరియల్ దాకే పడుతుంది. ఏఐ టూల్స్‌తో కోడ్ రాయించుకోండి, నేను వద్దనను. అది ఇచ్చిన ప్రోగ్రాం ఏ విలువ దగ్గర తప్పుతుందో అడగడం, చేత్తో లెక్కగట్టి సరిచూడడం మీ పని.

1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న మన ఉదయం 8 గంటల 44 నిమిషాలకు నిండిపోతాయి. చాలా వ్యవస్థలు ఇప్పటికే 64 బిట్లకు మారాయి. మారని పాత పరికరాలను వెతికి సరిచేసే పని మీ తరం ఉద్యోగాల్లోనే వస్తుంది.

ఇక్కడున్న మేడమ్స్‌కు, సార్లకు ఒక విన్నపం. ల్యాబ్ రికార్డులో సరైన అవుట్‌పుట్‌తో పాటు ప్రోగ్రాం విఫలమైన అవుట్‌పుట్ కూడా ఒకటి రాయించండి. ఎందుకలా వచ్చిందో వైవాలో అడగండి. మార్కులు దానికి ఇస్తే పిల్లలు తప్పకుండా వెతుకుతారు.

ఇక ప్రశ్నలుంటే అడగండి. తెలుగులోనే అడగండి.