సుండ్‌స్ట్రామ్ పేరు కూడా చెప్పండి

వేదిక మీదున్న పెద్దలకు, క్లబ్బు సభ్యులకు, వాళ్ల ఇంటిల్లిపాదికీ, ముందు వరసలో రాకెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. సాయంత్రం ఆరింటి నుంచీ ఓపిగ్గా కూర్చున్నారు. బహుమతులు ఇంకా ఇవ్వాలి, భోజనాలు చల్లారిపోతున్నాయి. అయినా నాకు మైకు ఇచ్చారు, స్వీడన్ టెన్నిస్ స్వర్ణయుగం గురించి మాట్లాడమన్నారు. కమిటీవారికి కృతజ్ఞతలు.

స్వీడన్ అనగానే బోర్గ్. ఆయనకంటే ముందు 1957లోనే స్వెన్ డేవిడ్‌సన్ పారిస్ మట్టి మీద ఫ్రెంచ్ టైటిల్ గెలిచాడు. కానీ ఊరూరా పిల్లల చేత రాకెట్ పట్టించింది బ్యోన్ బోర్గ్. 1974 ఫ్రెంచ్ ఫైనల్లో మాన్యుయల్ ఒరాంటెస్ చేతిలో మొదటి రెండు సెట్లూ పోయాయి. అప్పుడే పద్దెనిమిది నిండిన కుర్రాడు. మిగతా మూడు సెట్లు 6-0, 6-1, 6-1. అంటే మూడు సెట్లలో ఇచ్చింది రెండే గేములు! అక్కడే మొత్తం ఆరుసార్లు గెలిచాడు. 1978లో అయితే టోర్నీ మొత్తం మీద ఒక్క సెట్టూ పోలేదు, పోయిన గేములు 32. ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్‌లో ఆయన్ని ఓడించింది ఒకే ఒక్కడు, ఇటలీ ఆటగాడు ఆడ్రియానో పనట్టా. బోర్గ్ గురించి మీకు తెలియనిది నేను చెప్పేదేమీ లేదు, ఇక్కడితో ఆపుతాను.

ఎనభైల్లో ఆ దేశ జనాభా సుమారు ఎనభై మూడు లక్షలు. ఏడాదిలో సగం చలే. వేసవి కొన్ని నెలలే మట్టి కోర్టుల మీద ఆట, తర్వాత ఇండోర్ హాళ్లలోకి పోవాల్సిందే. టీవీలో ఉన్నవి రెండే ఛానళ్లు కాబట్టి బోర్గ్ ఆడుతుంటే దేశమంతా అదే చూసేది. అలా చూసి పెరిగిన పిల్లలే ఆండర్స్ యారిడ్, యోకిమ్ నిస్ట్రామ్, మాట్స్ విలాండర్, హెన్రిక్ సుండ్‌స్ట్రామ్, స్టెఫాన్ ఎడ్‌బర్గ్. అందరూ 1961-66 మధ్య పుట్టినవాళ్లే.

విలాండర్ సంగతి పిల్లలకు చెప్పి తీరాలి. 1982 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్, అవతల అర్జెంటీనా ఆటగాడు హోసె లూయిస్ క్లెర్క్. విలాండర్‌కి పదిహేడేళ్లు, మేటి ఆటగాళ్లకిచ్చే సీడింగ్ కూడా లేదు. మ్యాచ్ పాయింట్ మీద క్లెర్క్ కొట్టిన బంతి గీత బయట పడిందన్నారు, అంపైర్ మ్యాచ్ అయిపోయిందని ప్రకటించేశాడు. విలాండర్ అంపైర్ దగ్గరికి వెళ్లి, బంతి లోపలే పడింది, ఇలా గెలవడం నాకొద్దు, ఆ పాయింట్ మళ్లీ ఆడదామన్నాడు. ఆడారు. మళ్లీ తనే గెలిచాడు. ఫైనల్లో గియెర్మో విలాస్ మీద మొదటి సెట్ 1-6తో పోయినా, నాలుగున్నర గంటలకు పైగా పోరాడి కప్పు అందుకున్నాడు. ఇక్కడున్న పెద్దల్లో ఎంతమంది తమ పిల్లవాణ్ని ఆ పాయింట్ మళ్లీ ఆడనిస్తారు? చేతులు ఎత్తక్కర్లేదు, మనసులో అనుకోండి చాలు.

ఆ వరసలో తర్వాత ఎడ్‌బర్గ్ గురించి మాట్లాడాలని రాసుకొచ్చాను. 1989 ఫ్రెంచ్ ఓపెన్‌లో మైకేల్ చాంగ్‌తో ఫైనల్, అయిదు సెట్లు. అది పక్కన పెడతాను. నేను వచ్చింది సుండ్‌స్ట్రామ్ గురించి చెప్పడానికి.

1984 డిసెంబరు, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నగరం, దేశాల జట్లు తలపడే డేవిస్ కప్ ఫైనల్. ఇండోర్ హాల్లో మట్టి పరిచి కోర్టు తయారు చేశారు. ఎదురుగా అమెరికా, జట్టులో జాన్ మెకన్రో, జిమ్మీ కానర్స్. మెకన్రోకి అది జీవితంలోనే గొప్ప ఏడాది. వింబుల్డన్, యూఎస్ ఓపెన్ రెండూ అతనివే. మొదటి మ్యాచ్‌లో కానర్స్‌ని విలాండర్ వరస సెట్లలో ఓడించాడు. రెండోది మెకన్రోతో సుండ్‌స్ట్రామ్. ఇరవై ఏళ్ల కుర్రాడు.

అప్పట్లో డేవిస్ కప్‌లో, 6-6 దగ్గర ఒక్క గేముతో సెట్ తేల్చేసే టైబ్రేక్ లేదు. మొదటి సెట్ సాగింది, సాగింది. ఎవరూ వదలడం లేదు. ఈ తరం పిల్లలు టైబ్రేక్‌కి అలవాటుపడ్డారు గనక చెబుతున్నా, 6-6 అయ్యాక కూడా రెండు గేముల తేడా వచ్చేదాకా ఆడాల్సిందే. ఎడమచేతి వాటంతో మెకన్రో వేసే సర్వీస్ గడ్డి మీద అయితే ప్రత్యర్థిని కోర్టు బయటికి లాగేస్తుంది. మట్టి ఆ వేగాన్ని కాస్త తినేస్తుంది, తిరిగి కొట్టేవాడికి అర క్షణం ఎక్కువ దొరుకుతుంది. నెట్ దగ్గరికి దూసుకొచ్చేవాడి పాదాల దగ్గర ముందుకు గిర్రున తిరిగే టాప్‌స్పిన్ బంతి దిగుతుంది. వంగి, దాన్ని నేల మీంచి ఎత్తాలి. ఒకసారి ఎత్తొచ్చు, పదిసార్లు ఎత్తొచ్చు. ఇరవై నాలుగు గేములపాటు ఎత్తాలంటే? సెట్ 13-11. ఆ తర్వాత 6-4, 6-3. మర్నాడు డబుల్స్‌లో పద్దెనిమిదేళ్ల ఎడ్‌బర్గ్, యారిడ్ కలిసి డేవిస్ కప్‌లో అంతవరకు ఓటమి ఎరగని మెకన్రో, పీటర్ ఫ్లెమింగ్ జోడీని ఓడించి కప్పు ఖాయం చేశారు.

ఆ ఏడాది మొత్తం మీద మెకన్రో గెలిచినవి 82, ఓడినవి మూడే. ఒకటి ఇవాన్ లెండిల్ చేతిలో ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్. ఒకటి సిన్సినాటీలో మన విజయ్ అమృత్‌రాజ్ చేతిలో. మూడోది ఇది. అమృత్‌రాజ్ గెలుపు మనం ఇప్పటికీ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. మరి సుండ్‌స్ట్రామ్ పేరు ఎవరైనా ఎత్తగా విన్నారా? అదే ఏడాది మాంటెకార్లో ఫైనల్లో విలాండర్‌నే ఓడించాడు. ప్రపంచ ర్యాంకు ఆరు దాకా వెళ్లాడు. ఆ తర్వాత నడుము సహకరించలేదు. పాతికేళ్ల ప్రాయానికల్లా ఆట ముగిసింది.

ఇంకొకడు కెంట్ కార్ల్‌సన్. 1988లో నాలుగు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లూ స్వీడన్ మగవాళ్లవే, మూడు విలాండర్‌వి, వింబుల్డన్ ఎడ్‌బర్గ్‌ది. అందరూ అదే రాస్తారు. అదే ఏడాది మట్టి మీద కార్ల్‌సన్ అయిదు టైటిళ్లు గెలిచాడని ఎవరు రాస్తారు? హాంబర్గ్, బార్సిలోనా కూడా అందులో ఉన్నాయి. ఆయన కెరీర్‌లో గెలిచిన తొమ్మిదీ మట్టి మీదే. ర్యాంకు ఆరు. ఫోర్‌హ్యాండ్ కొట్టేటప్పుడు రెండు కాళ్లూ నేల వదిలేవి, బంతి అవతలివాడి భుజం దాటి లేచేది. అంత బలంగా తిప్పడం, అంత ఎత్తున దూకడం, మళ్లీ దిగడం. దిగిన ప్రతిసారీ బరువంతా మోకాళ్ల మీదే. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకే ఆట మానేయాల్సి వచ్చింది.

మట్టి మెత్తన కదా, మోకాళ్లకు మంచిది కదా అని మీరు అడగొచ్చు. గట్టి కోర్టుకంటే మంచిదే. జారి ఆగడానికి వీలిస్తుంది. కానీ ర్యాలీలు పొడుగు, మ్యాచ్‌లు పొడుగు. శరీరం ఇంకా ఎదుగుతున్న పిల్లవాడికి ఏ నేలైనా ఎక్కువైతే ఎక్కువే.

ఇక్కడ నా కడుపులో ఉన్నది చెప్పాలి. నా దగ్గర మొదలుపెట్టి తర్వాత ఒక పెద్ద అకాడమీకి వెళ్లిన అబ్బాయి ఉన్నాడు. మోకాలు నొప్పి అంటే, భయపడుతున్నాడు, గారాబం అన్నారు. టోర్నీ ఉందని నొప్పి మాత్ర ఇచ్చి ఆడించారు. ఇవాళ ఆ అబ్బాయి మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాడు. రాకెట్ ముట్టడు. తల్లిదండ్రులారా, మీరు నా మీద కోపం తెచ్చుకున్నా ఫర్వాలేదు. మీ పిల్లవాడు నొప్పి అన్నాడంటే నొప్పే. వాడి మాట నమ్మండి.

1987 డేవిస్ కప్ ఫైనల్ కూడా గోథెన్‌బర్గ్‌లోనే, మట్టి మీదే. ఈసారి ఎదురుగా మనవాళ్లు. సెమీస్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డి మీదే ఓడించి వెళ్లిన రమేశ్ కృష్ణన్, విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్. 5-0తో ఓడాం. విలాండర్, యారిడ్ ఎంత చక్కగా ఆడారో, ఆ మట్టి మీద రమేశ్ సున్నితమైన ఆట ఎంత ఎదురీదిందో, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఆ జట్టులో సుండ్‌స్ట్రామ్ లేడు. మూడేళ్ల క్రితం అదే ఊళ్లో మెకన్రోని పడగొట్టినవాడు లేడు!

2009లో రాబిన్ సోడర్లింగ్ రోలాండ్ గారోస్‌లో రఫెల్ నడాల్‌ని మొదటిసారి ఓడించినప్పుడు పాత స్వీడన్ మళ్లీ లేచిందని ఎంత సంబరపడ్డానో. 2011 జులైలో సొంత దేశంలో బోస్టాడ్ మట్టి మీద టైటిల్ గెలిచాడు. తర్వాత వైరస్ జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆ ఫైనలే ఆయన చివరి మ్యాచ్. అప్పటికి ఇరవై ఆరేళ్లు.

సెక్రటరీగారూ, క్లబ్బు హాల్లో బోర్గ్ ఫొటో ఉంది, ఎడ్‌బర్గ్ ఫొటో ఉంది. వాటి పక్కన సుండ్‌స్ట్రామ్‌దీ కార్ల్‌సన్‌దీ పెట్టించండి. ఫ్రేముల ఖర్చు నేను ఇస్తాను. కింద పేరు, పుట్టిన ఏడు, ఆట ఆగిన ఏడు రాయించండి. పిల్లలూ, మీలో ఎవరికి మోకాలు గానీ, నడుము గానీ, భుజం గానీ నొప్పిగా ఉన్నా, ఇంట్లో చెప్పడానికి జంకుతున్నా, భోజనాలకు వెళ్లే ముందు నా దగ్గరికి రండి. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను.